అమెరికా పోయే అమ్మానాన్నలకు కాళ్లు చాపుకునే సీటు కావాలి

నిమ్మాడ, కోటబొమ్మాళి, టెక్కలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాల అమ్మలకు, అయ్యలకు, దేశం కాని దేశంలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన బిడ్డలకు ఒక మాట.

దూరం పోయే విమానాల్లో ఎకానమీకీ బిజినెస్ క్లాసుకీ నడుమ ఇంకో తరగతి ఉంది. దాన్ని ప్రీమియం ఎకానమీ అంటారు. పది గంటలు దాటి ఎగిరే ప్రతి విమానంలోనూ ఆ తరగతి ఉండాలి. దాని టికెట్ మీద ఇప్పుడు పడుతున్న 18 శాతం జీఎస్టీని ఎకానమీతో సమానంగా 5 శాతానికి దించాలి. ఈ రెండూ అడగడానికే ఈ కరపత్రం. అడగాల్సిన మనిషి కోసం మనం ఢిల్లీలో వెతుక్కోనక్కర్లేదు. 2024 జూన్ నుంచి కేంద్ర పౌర విమానయాన మంత్రిగా ఉన్న కింజరాపు రామ్మోహన్ నాయుడు గారిది మన శ్రీకాకుళం జిల్లా నిమ్మాడే.

ఇది డబ్బున్నవాళ్ల గొడవ, మనకెందుకు అని కాగితం మడిచేయకండి. శంషాబాద్ విమానాశ్రయంలో అమెరికా ప్రయాణికుల వరుస ఎప్పుడైనా చూశారా? వీల్‌చైర్లలో కూర్చున్నవాళ్లలో సగం మంది మన ఇళ్లలో కనిపించే మనుషులే. ఒళ్లో చేతిసంచి, అందులో పాస్‌పోర్టు, పిల్లలు ఇంగ్లీషులో రాసి పంపిన కాగితం. అధికారి ఏమడిగినా ఆ కాగితం చూపించాలని ఫోన్లో పదిసార్లు చెప్పి ఉంటారు. వీళ్లు దేశాలు చూడ్డానికి పోతున్నవాళ్లు కారు. కూతురి పురిటికి పోతున్న తల్లులు, అక్కడ ఉండనిచ్చిన ఆరు నెలలూ మనవడిని ఎత్తుకు తిరగడానికి పోతున్న అమ్మమ్మలు, తాతలు. కొబ్బరితోట మీద బతికిన రైతులు, రిటైరైన పంతుళ్లు, జీడిపప్పు పనిలో మోకాళ్లు అరగదీసుకున్న ఆడవాళ్లు. పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించడానికి పొలం అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు.

వాళ్ల ప్రయాణం ఎలా ఉంటుందో చెబుతాను. నిమ్మాడ జంక్షన్‌లో కారెక్కితే విశాఖ విమానాశ్రయం వంద కిలోమీటర్లకు పైమాటే. అక్కడి నుంచి హైదరాబాద్. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కో దోహాకో నాలుగు గంటలు. అక్కడ కొన్ని గంటల పడిగాపులు. ఆ తర్వాత డాలస్‌కి దాదాపు 16 గంటలు ఒకే సీట్లో. ఆ విమానం బోయింగ్ 777 అయితే ఎకానమీలో వరుసకు పది మంది, మూడు, నాలుగు, మూడు చొప్పున. సీటు వెడల్పు 17 అంగుళాలు. ముందు సీటుకీ మన సీటుకీ మధ్య దూరం 31 నుంచి 34 అంగుళాలు, అదీ సీటు మందంతో కలిపి. ముందు కూర్చున్న కుర్రాడు సీటు వెనక్కి వాల్చాడంటే అందులోనూ కోతే.

పలాస వైపు పెద్దావిడ ఒకామె ఆ ప్రయాణం చేసి వచ్చారు. జీడిపిక్కలు కొట్టి పిల్లల్ని చదివించిన మనిషి. డాలస్‌లో దిగేసరికి పాదాలు ఉబ్బిపోయి చెప్పులు పట్టలేదట. ఒట్టి కాళ్లతో వీల్‌చైర్లో కూర్చుని, చెప్పులు చేత్తో పట్టుకుని కూతురి ముందుకు వచ్చారు. ఎలా జరిగిందమ్మా ప్రయాణం అంటే ఆమె చెప్పిన మాట ఇది: "మోకాళ్లు ముందు సీటుకి తగిలి కందిపోనాయి బాబూ. కిటికీ పక్కన కూకున్నాను. లెగిసి వెళ్లాలంటే ఇద్దరు మగోళ్లని లేపాల. సిగ్గేసి నీళ్లు తాగడం మానీసేను."

నీళ్లు తాగడం మానేసింది. ఉద్దానంలో పుట్టి, కిడ్నీ జబ్బుతో ఇంటికో మనిషిని పోగొట్టుకున్న ఊళ్ల మధ్య బతికినామె, పదహారు గంటలు నీళ్లు మానేసింది. మనవాళ్లలో ఎంతమందికి క్రియాటినిన్ హెచ్చుగా ఉందో, ఎంతమంది పలాస కిడ్నీ ఆసుపత్రికో విశాఖ కేజీహెచ్‌కో తిరుగుతున్నారో మీకు తెలుసు. ఇరుకు సీటు వల్ల మనవాళ్లకు జరిగే నష్టం నొప్పితో ఆగదు.

కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సంగతీ చెప్పాలి. నాలుగు గంటలు దాటిన ప్రయాణం తర్వాత ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. లెక్కకు చూస్తే సుమారు ఆరు వేల మందిలో ఒకరికి. కదలకుండా కూర్చోవడమే కారణం కాబట్టి విమానమైనా, బస్సయినా, రైలైనా ఒకటే. అందుకని వెడల్పు సీటు కొనుక్కుంటే ఈ జబ్బు రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. లేచి తిరగాలి, నీళ్లు తాగాలి. అయితే లేవడానికి వీలుండే చోట కూర్చోబెట్టాలి కదా.

ఎకానమీలోనే కాళ్లు చాపుకునే సీట్లు ఉన్నాయి, కాస్త ఎక్కువిచ్చి అవి తీసుకోవచ్చుగా అంటారు కొందరు. చాలావరకు అత్యవసర ద్వారం పక్కనుండే వరుసలవి. ప్రమాదం వస్తే తలుపు తీసి తోటివాళ్లకు సాయపడగలవాళ్లకే ఆ వరుసలో చోటు. వీల్‌చైర్ అడిగినవాళ్లకు ఇవ్వరు, సిబ్బంది చెప్పింది అర్థం కాని వాళ్లకూ ఇవ్వరు. ఆ నిబంధన సరైనదే. కానీ దానివల్ల జరుగుతున్నదేమిటి? ఎకానమీలో కాస్త జాగా ఉన్న సీట్లు చాలావరకు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే అందుతాయి. మోకాళ్ల నొప్పులున్న మన పెద్దవాళ్లు డబ్బు పెట్టినా అక్కడ కూర్చోలేరు. వాళ్లకు మిగిలింది బిజినెస్ క్లాసు. దాని ధర మామూలుగా మూడు నాలుగు రెట్లు. ఇంటి మీద, కారు మీద అప్పు కడుతున్న కొడుకు ఇద్దరికి ఆ టికెట్లు ఎక్కడి నుంచి కొంటాడు?

నడిమి తరగతి అవసరం ఇక్కడే. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన వస్తువేమీ కాదు. ఇంగ్లండ్‌లో వర్జిన్ అట్లాంటిక్, తైవాన్‌లో ఈవా ఎయిర్ 1990ల మొదట్లోనే పెట్టాయి. మన దేశంలో 2015లో విస్తారా మొదలుపెట్టింది. ఎయిరిండియా 2023 నుంచి కొన్ని అమెరికా దారుల్లో అమ్ముతోంది. దాని ఎయిర్‌బస్ ఎ350 విమానంలో ఈ సీట్లు 24. ఎకానమీ సీట్లు 264. పెద్దవాళ్లతో నిండిపోయే అమెరికా విమానంలో 24 సీట్లు ఏ మూలకు?

ధర సంగతికి వద్దాం. మంచి లెక్క ఒకటి ఉంది, మీరే వేసి చూసుకోండి. ఎ350లో ఎకానమీ వరుసకు తొమ్మిది మంది, వరుసల మధ్య 31 అంగుళాలు. ప్రీమియం ఎకానమీ వరుసకు ఎనిమిది మంది, మధ్య 38 అంగుళాలు. అంటే ఒక ప్రీమియం సీటు తినే జాగా ఎకానమీ సీటుకు దాదాపు 1.4 రెట్లు. ఎకానమీ టికెట్ లక్ష రూపాయలైతే జాగా లెక్కన దీనికి పడాల్సింది లక్షా నలభై వేలు. భోజనానికి, అదనపు సామానుకు ఇంకో పది వేలు వేసుకున్నా లక్షన్నర. సెలవుల సీజన్‌లో రెట్టింపు దాకా అడుగుతున్నారంటే ఆ తేడా జాగాది కాదు. సీట్లు తక్కువ, కొనేవాళ్లు ఎక్కువ కాబట్టి వచ్చిన ధర అది. సీట్లు పెరిగితే దిగుతుంది.

ఆ లక్షన్నర మీద పన్ను చూడండి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఎకానమీకి 5 శాతం, ఎకానమీ కాని ప్రతిదానికీ 12 శాతం అన్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ 12 కాస్తా 18 అయింది. చట్టం దృష్టిలో విమానంలో రెండే జాతులు: ఎకానమీ, ఎకానమీ కానిది. పడుకుని పోయే బిజినెస్ సీటూ, మోకాలు కాస్త చాపుకునే సీటూ ఒకే గాటన కట్టేశారు. లక్షన్నర టికెట్ మీద 18 శాతం అంటే 27,000 రూపాయలు. 5 శాతమైతే 7,500. మనిషికి 19,500 తేడా, భార్యాభర్తలకు 39,000. పెద్దవాళ్లను ఇరుకు సీట్లోకి తిరిగి నెడుతున్నది చాలా ఇళ్లలో ఈ 39,000 రూపాయలే. ఇది విలాసం మీద పన్ను అనుకుంటే పొరపాటు.

నడిమి తరగతి ఏం చేయగలదో మనకు రైలు నేర్పింది. ఒకప్పుడు ఏసీ బోగీ అంటే ఆఫీసర్లకు, షావుకార్లకు. 1993లో థర్డ్ ఏసీ వచ్చాక పలాసలో రైలెక్కి హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు పోయే రైతు కూడా చల్లగా పడుకుని పోతున్నాడు. 2021లో దాని కింద ఏసీ ఎకానమీ బోగీ తెచ్చారు. 72 బెర్తుల చోట 83 అమర్చి ధర తగ్గించారు.

రైలు కథకు ఇంకో వైపు కూడా ఉంది, దాన్ని దాచి ఈ కోరిక కోరడం న్యాయం కాదు. ఏసీ బోగీలు పెరిగిన చాలా రైళ్లలో స్లీపర్ బోగీలు తగ్గాయి. చెన్నైకి, హైదరాబాద్‌కి కూలికి పోయే మనవాళ్లు జనరల్ బోగీలో బాత్రూం పక్కన నిలబడి పోతున్నారు. విమానంలో అలా జరగడానికి వీల్లేదు. ఉద్దానం నుంచి గల్ఫ్‌కు వెల్డింగ్ పనికి, ఫిట్టర్ పనికి పోయే కుర్రాడికి ఎకానమీ టికెట్టే దిక్కు. ప్రీమియం సీట్ల కోసం ఎకానమీ వరుసలను ఇంకా దగ్గరికి నొక్కితే ఈ కరపత్రం రాసిన మేమే దానికి అడ్డం పడతాం. ప్రీమియం ఎకానమీకి జాగా బిజినెస్ క్లాసు నుంచి తీయాలి. ఎకానమీలో ఇంతకంటే తగ్గకూడదన్న కొలతను విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టి గట్టిగా అమలు చేయాలి. వరుసల మధ్య ఎన్ని అంగుళాలో టికెట్ మీదే అచ్చు వేయించాలి.

జాగా కొలత ప్రభుత్వం చెప్పడమేమిటి అని విమాన కంపెనీలు అనవచ్చు. మన తీరంలో అది పాత సంగతే. కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ పోయిన మన తాతముత్తాతలు డెక్కు మీద ఎండకూ వానకూ కూర్చుని పోయారు. వాళ్లను పశువుల్లా కుక్కకుండా ఆపడానికి 1887లో నేటివ్ పాసింజర్ షిప్స్ చట్టం చేశారు. మనిషికి ఎంత చోటు ఉండాలో ఆ చట్టం కింద కొలత ఉండేది. ఆ కొలత ఇరుకే, కానీ కొలత అంటూ ఉంది. పరాయి ప్రభుత్వం డెక్కు ప్రయాణికుడికి చేసిన పాటి పని మన ప్రభుత్వం మనకు చేయలేదా? బ్రిటన్‌లో విమాన సీటు వీపుకీ ముందు సీటు వెనకభాగానికీ మధ్య కనీసం 26 అంగుళాలు ఉండాలన్న నియమం పెట్టారు. కనీస కొలతలు నిర్ణయించమని 2018లో అమెరికా కాంగ్రెస్ తమ విమానయాన సంస్థను చట్టం చేసి మరీ ఆదేశించింది.

ధరల్లో సర్కారు వేలు పెట్టకూడదన్న మాట కూడా నిలవదు. కోవిడ్ కాలంలో 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా దేశీయ టికెట్లకు పరిమితులు పెట్టారు. 2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు పెద్ద ఎత్తున రద్దయి టికెట్ల ధరలు మండిపోతే, ఇదే మంత్రిత్వ శాఖ 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 1,500 కిలోమీటర్లు దాటితే 18,000 రూపాయలు మించరాదని కట్టడి చేసింది. అవసరమైతే చేయగలరని తేలిపోయింది. మేము అడుగుతున్నది అంత పెద్ద జోక్యం కూడా కాదు.

జీఎస్టీ దించడం విమానయాన మంత్రి ఒక్కరి చేతిలో లేదని మాకు తెలుసు. అది జీఎస్టీ కౌన్సిల్ పని. దానికి అధ్యక్షత కేంద్ర ఆర్థిక మంత్రిది, అందులో రాష్ట్రాల మంత్రులూ ఉంటారు. మన మంత్రి గారు తమ శాఖ తరఫున సిఫారసు లేఖ రాయాలి. రాష్ట్ర ప్రభుత్వం కౌన్సిల్‌లో ఆ మాట ఎత్తాలి. మొత్తానికి ఒప్పుకోకపోతే కనీసం 60 ఏళ్లు దాటినవాళ్లకు, వీల్‌చైర్ అవసరమైనవాళ్లకు ముందుగా 5 శాతం వర్తింపజేయాలి.

విదేశీ కంపెనీల దగ్గర మాత్రం మంత్రి చేతిలో గట్టి పట్టు ఉంది. హైదరాబాద్ నుంచి పోయే బ్రిటిష్ ఎయిర్‌వేస్, లుఫ్తాన్సా, కేఎల్ఎం సంస్థలకు ప్రీమియం ఎకానమీ ఉంది. మనవాళ్లు ఎక్కువగా ఎక్కే గల్ఫ్ సంస్థల్లో ఎమిరేట్స్‌కు కొన్ని విమానాల్లోనే ఉంది. ఖతార్, ఎతిహాద్ సంస్థలు అసలు పెట్టనేలేదు. ఇండియా, దుబాయ్‌ల మధ్య ఒప్పందం ప్రకారం ఒక్కో వైపు వారానికి దాదాపు 66 వేల సీట్లకే అనుమతి. ఇది పెంచమని దుబాయ్ వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. పెంచేటప్పుడు మనం షరతు పెట్టవచ్చు: మా పెద్దవాళ్లను అమెరికా దాకా తీసుకుపోయే విమానంలో నడిమి తరగతి ఉండాలి. మనకు విశాఖ కంటే దగ్గరగా, భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరు మీద కట్టిన విమానాశ్రయం నుంచి రేపు విదేశీ సర్వీసులు అడిగే ప్రతి సంస్థకూ ఇదే మాట ముందే చెప్పాలి.

మీరు చేయవలసినవి మూడు పనులు. గ్రామసభలో ఈ విషయం మీద తీర్మానం చేయించి, నకలు మంత్రి గారి కార్యాలయానికి పంపండి. ప్రయాణం చేసి వచ్చిన పెద్దవాళ్ల అనుభవం తేదీ, విమానం నంబరుతో సహా ఒక కాగితం మీద రాసి, విమాన ప్రయాణికుల ఫిర్యాదులు తీసుకునే ఎయిర్‌సేవా పోర్టల్‌లో పెట్టించండి. రాయడం రాకపోతే చదువుకున్న పిల్లల చేత రాయించండి. విదేశాల్లో ఉన్న బిడ్డలారా, మీ అమ్మకూ నాన్నకూ టికెట్ కొనేటప్పుడు కంపెనీకి ఒక ఉత్తరం ముక్క పంపండి. ప్రీమియం ఎకానమీ ఉంటే కొనేవాళ్లమని, లేదు కాబట్టి ఇంకో కంపెనీలో కొన్నామని రాయండి. ఊరికి ఒక ఉత్తరం చొప్పున పోయినా ఢిల్లీలో ఆ కట్టను పక్కన పెట్టడం తేలిక కాదు. ఈ నెలాఖరులోగా మీ ఊరి తీర్మానం పంపండి.

ఇట్లు,
విదేశాల్లో బిడ్డలున్న తల్లిదండ్రుల తరఫున,
నిమ్మాడ, కోటబొమ్మాళి మండలం, శ్రీకాకుళం జిల్లా