చేపల తొట్టి క్రింది మోత

రాత్రి పది దాటి, వీధిలో వాహనముల రొద సద్దుమణిగి, ఇంటిలో టెలివిజను కూడ మూగవోయిన పిమ్మట, మా ముందుగదిలోని చేపల తొట్టి క్రింది చెక్కబీరువానుండి ఒక సన్నని ఝంకారము బయలుదేరుచుండెను. పగటివేళ దానిని విన్నవారు లేరు. రాత్రి విననివారు లేరు. శ్రుతిపెట్టెవలె ఒకే స్వరమును పట్టుకొని, ఊపిరైన తీసికొనక మ్రోగు ఆ ధ్వనికి మూలము, క్రిందికి దిగిన నీటిని మరల తొట్టిలోని కెత్తిపోయు చిన్న పంపు. దానిని నాకమ్మిన దుకాణదారుడు, "నడుస్తున్నట్టే తెలీదు సార్" అని భరోసా యిచ్చియుండెను. ఆయన అబద్ధమాడెనని నేననను. ఆయన కొట్టులో నలువది తొట్లకు గాలి కొట్టు యంత్రములును, గుమ్మము ముందొక జనరేటరును, ఎదుట బస్సుస్టాండును ఉన్నవి గనుక, అచ్చట ఏనుగు ఘీంకరించినను తెలియకపోవచ్చును.

పై తొట్టినుండి పొరలిన నీరు గొట్టము గుండ బీరువాలోని రెండవ గాజుతొట్టిలోనికి దిగి, అందు శుభ్రపడి, పంపు బలమున మరల పైకెక్కును. ఆ క్రింది తొట్టిని చేపలు పెంచువారు సంపు అందురు. హైదరాబాదు వాసికి సంపు అనగా ఇంటిముందు నేలలో నున్న నీటి గుంట. మాట యొకటే, పనియు నించుమించుగా నొకటే. అయితే ఇంటి మోటారు అరగంట అరచి యూరకుండును, ఇది సంవత్సరమునకు 8,760 గంటలును నడువవలసినది. కావుననే దీని కంఠస్వరమును గూర్చి ఇంత చర్చ.

నా తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గలది. దాదాపు 250 లీటర్లు పట్టును. ఆ నీరు గంటకు నాలుగైదు మారులు తిరిగిన చాలును, అనగా వేయి, పన్నెండు వందల లీటర్లు. పెట్టెమీద "గంటకు 2,000 లీటర్లు" అని చూచి, కావలసినదానికంటె మిగులుననుకొని సంతోషముతో కొనితిని. ఆ సంఖ్య నీటిని ఒక్క అంగుళమైన ఎత్తనవసరము లేనపుడు వచ్చునదని పెట్టె చెప్పలేదు. అదే పెట్టె ప్రక్కన చిన్న అక్షరములలో "గరిష్ఠపు ఎత్తు 2 మీటర్లు" అని యున్నది. ఆ యెత్తున చుక్కయైన రాదని దాని యర్థము. నా సంపునుండి తొట్టి యంచువరకు 1.4 మీటర్లు. పంపు ప్రాణములుగ్గబట్టి నెట్టినను వాగ్దానములో సగమైన రాకపోయెను.

రెండవమారు వేగమును తగ్గించుకొనుటకు వీలైన డీసీ పంపును తెచ్చితిని. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 మారులు దిశ మార్చి తిరిగి వచ్చును గనుక, సాధారణపు ఏసీ పంపులో అయస్కాంతపు లాగుడు సెకనుకు 100 మారులు హెచ్చి తగ్గును. మనము వినునది ప్రధానముగా ఆ నూరే. డీసీ పంపునందు ఆ కుదుపు చాల తక్కువ. గంటకు 4,000 లీటర్లు, 4 మీటర్ల ఎత్తు గల దానిని కొని, వేగమును సగమునకు దించి గెలిచితిననుకొంటిని. తొట్టిలోనికి నీరే యెక్కలేదు! వేగము సగమైనచో ఎత్తుశక్తి సగము గాక నాలుగవ వంతునకు పడిపోవును: 4 మీటర్లది ఒక్క మీటరగును. ముప్పాతిక వేగమున నిలిపిన పిదప నాకు కావలసినంత ధార వచ్చినది.

అయినను మోత పోలేదు. పంపు గాజు నదిలించుచుండెను, గాజు చెక్క నదిలించుచుండెను. బొబ్బిలిలో పనసమ్రానును తొలిచి వీణకు కుండ చేయుట ఏ ప్రయోజనమునకో, మా వడ్రంగి ప్లైవుడ్డు బీరువా ఎవరును కోరకయే ఆ ప్రయోజనమును నెరవేర్చినది. పంపు క్రింద దళసరి స్పాంజి ముక్కయు, పంపునకును గట్టి పైపునకును నడుమ జానెడు మెత్తని సిలికాను గొట్టమును, పైపు చెక్కను తాకుచోట రబ్బరును ఉంచితిని. వీటికైన ఖర్చు పంపు వెలలో ఇరువదవ వంతు కూడ కాదు. ఫలితములో ముప్పాతిక వీటిదే. పంపు నడుచుచుండగా నీటిలోనే కొంచెము వంచి లోపలి గాలిబుడగను వదల్చుట, వేసవిలో ఆవిరియైపోవు నీటిని ప్రతిదినము సంపులో పూరించుట, బోరునీటి సున్నము పట్టిన చక్రమును రెండు మూడు నెలల కొకసారి నిమ్మ ఉప్పు నీళ్లలో నానవేసి కడుగుట, ఇవి తక్కిన పనులు. కరెంటు పోయినపుడు నీరు తిరుగుదారి పట్టి సంపు పొంగకుండుటకై, పై గొట్టమునకు నీటిమట్టమునకు కొంచెము దిగువను చిన్న రంధ్రము వేసి, సంపులో చోటు మిగుల్చవలెను.

మనము నిదుర చెడినదని గొణుగుచున్నాము గాని, ఆ మోతలోనే కాపురముండునవి చేపలు. గోల్డుఫిష్, కోయి, మన శీలావతి, బొచ్చె అన్నియు నొకే కుదురువి; వీటి గాలితిత్తినుండి లోపలిచెవికి ధ్వనిని చేరవేయు చిన్న ఎముకల వరుసను 1820లో జర్మను శాస్త్రవేత్త వేబరు వర్ణించెను. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,480 మీటర్లు పోవును, గాలిలోకంటె నాలుగింతలకు పైమాట. అట్టి శ్రోతలుండగా, పెట్టెమీద "నిశ్శబ్దము" అని అచ్చువేసి, ఎంత దూరమున కొలిచిరో చెప్పక ఒక డెసిబెల్ సంఖ్యను తగిలించుట సాహసమే. ఒక్కొక్క ఎత్తున ఎన్ని లీటర్లు వచ్చునో, మోతను ఎంత దూరమున కొలిచిరో పెట్టెమీద ముద్రింపవలెనని కోరుట గొంతెమ్మకోరిక కాదు.

ఇప్పుడు మా బీరువా మూగది. మొన్న రాత్రి దీపమార్పగానే, పై తొట్టినుండి దిగు గొట్టములో నీరు గుటకలు వేయు చప్పుడు స్పష్టముగా వినవచ్చినది. "ఇదెప్పటినుంచండీ?" అని మా ఇంటావిడ అడిగినది. మొదటినుండియు నున్నదే.