వాద్యంతోపాటు విద్య

వస్తువును తయారుచేసినవానికి దాని బలమూ తెలుసు, బలహీనతా తెలుసు. కొనుక్కున్నవానికి చాలాసార్లు ధర ఒక్కటే తెలుస్తుంది. ఈ అంతరాన్ని తగ్గించడం వ్యాపార ధర్మాలలో ఒకటి. కుట్టుమిషను కొన్నవారికి నూనెడబ్బా, స్క్రూడ్రైవరు, బాబిన్లు, వాటితోపాటు ఒక చిన్న పుస్తకం రావడం ఎన్నో ఇళ్లలో చూసినదే. మిక్సీకి, ప్రెషర్ కుక్కరుకు కూడా పుస్తకం ఉంటుంది. వేల రూపాయలు పోసి కొనే గిటారు మాత్రం తరచుగా ఒక గుడ్డసంచిలో, ఏ వివరణా లేకుండా చేతికి వస్తుంది. కొత్త గిటారుతో కరదీపికను, దానిని సరిచేసుకొనే పనిముట్లను ఇవ్వాలా, వద్దా అన్న ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించవచ్చు. సంగీతం నేర్చుకోవాలనుకొనే పల్లెటూరి విద్యార్థి దృష్టితో చూస్తే అది చిన్న ప్రశ్న కాదు.

గిటారు నిశ్చలమైన వస్తువులా కనిపిస్తుంది. నిజానికి దానిలో నిరంతరం ఒక పెనుగులాట జరుగుతూ ఉంటుంది. ఉక్కు తీగలున్న సాధారణ గిటారును శ్రుతి చేసినప్పుడు 6 తీగలూ కలిసి లాగే బలం సుమారు 70 కిలోల బరువుకు సమానం. ఆ లాగుడుకు గిటారు మెడ ముందుకు వంగజూస్తుంది. దానిని నిలబెట్టడానికి చాలా గిటార్లలో మెడ లోపల ఒక ఉక్కు కడ్డీని అమరుస్తారు. దానికి ట్రస్ రాడ్ అని పేరు. బిగించి, వదులుచేసి సవరించుకోగలిగిన ఇటువంటి కడ్డీని అమెరికాలోని గిబ్సన్ సంస్థలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ రూపొందించారు. దానికి 1923లో పేటెంటు లభించింది. కడ్డీ చివరనున్న మరను బిగిస్తే మెడ నిటారవుతుంది. వదులుచేస్తే తీగల లాగుడుకు అనుగుణంగా కొద్దిగా వంగుతుంది. ఈ సవరింపు ఒకసారికి చుట్టులో నాలుగో వంతు మించకూడదన్నది అనుభవజ్ఞుల నియమం. అంటే వాద్యాన్ని చేసినవారే అది మారుతుందని గుర్తించి, ఆ మార్పును సరిదిద్దే ఏర్పాటును దానిలోనే ఉంచారు. ఆ ఏర్పాటు ఉన్నదన్న సంగతి కొన్నవారికి చెప్పకపోతే, ఉండి ప్రయోజనమేమి?

మార్పుకు ముఖ్యకారణం వాతావరణం. కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, తేమ తగ్గితే కుంచించుకుపోతుంది. గిటారుకు 45 నుంచి 55 శాతం వరకు గాలితేమ అనుకూలమని తయారీదారులు సాధారణంగా చెబుతారు. దక్కన్ పీఠభూమిలో ఏడాది పొడుగునా అటువంటి గాలి దొరకడం కష్టం. కర్ణాటక సరిహద్దుకు చేరువలో, నారాయణఖేడ్ ప్రాంతంలో ఉన్న మనూరునే ఉదాహరణగా తీసుకోవచ్చు. 2016 అక్టోబరు వరకు మెదక్ జిల్లాలో ఉండి, పునర్విభజన తరువాత సంగారెడ్డి జిల్లాలో చేరిన మండల కేంద్రమది. అక్కడ వేసవి ఎండకు పొలాలు నెర్రెలిస్తాయి. వానాకాలంలో తలుపులు ఉబ్బి గడపకు పట్టుకుంటాయి. తలుపును బిగబట్టించే తేమ గిటారును విడిచిపెట్టదు. వేసవిలో కొన్న వాద్యం శ్రావణ మాసం నాటికి మరో వాద్యంగా మారుతుంది.

మనూరు విద్యార్థి ఒకడు సెలవులలో హైదరాబాదు వెళ్లి గిటారు కొనితెచ్చుకున్నాడని ఊహిస్తే ఈ సమస్య స్పష్టమవుతుంది. కొద్ది నెలలకు తీగలు మెట్లనుంచి పైకి లేస్తాయి. 12వ మెట్టువద్ద తీగ ఎత్తు సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోపల ఉంటే వేలు సులభంగా నొక్కగలుగుతుంది. అది ఇంకా పెరిగితే వేళ్ల కొసలు కోసుకుపోతాయి. ఎంత గట్టిగా నొక్కినా స్వరం పలకదు, పలికినా శ్రుతి తప్పుతుంది. అది వాద్యదోషమని చెప్పేవారు దగ్గర లేరు. సరిచేసే నిపుణుడు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో, హైదరాబాదులో ఉంటాడు. గిటారును మోసుకొని బస్సులో పోయిరావడానికి ఒక దినం, దారిఖర్చులు, ఆపైన నిపుణుని రుసుము కావాలి. అన్నిటికంటె పెద్ద నష్టం వేరొకటి ఉన్నది. ఆ విద్యార్థి లోపం తనలోనే ఉన్నదనుకుంటాడు. తన వేళ్లకు బలం లేదని, తన చెవికి స్వరజ్ఞానం లేదని నిర్ణయించుకొని గిటారును అటకమీద పెడతాడు. ఒక మరను పావుచుట్టు తిప్పితే తీరిపోయే చిక్కు, ఒక జీవితకాలపు నిరాశగా మిగిలిపోతుంది.

ఈ దుస్థితి మన సంప్రదాయ వాద్యాలకు ఇంతగా లేదు. బొబ్బిలి సమీపాన గల గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా పనసకొయ్యతో వీణలను చెక్కుతున్నారు. ఒకే మొద్దునుంచి తొలిచిన దానిని ఏకాండి వీణ అంటారు. వీణకు 24 మెట్లు. వాటిని మైనంలో నిలిపి శ్రుతికి సరిగా అమర్చడాన్ని మేళం కట్టడమంటారు. ఎండవేడికి మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. కొన్నేళ్లకొకసారి మళ్లీ మేళం కట్టించాలి. ఈ సంగతిని ఏ పుస్తకమూ చెప్పనక్కరలేకపోయింది. వీణ చేసిన శిల్పి చెప్పాడు, నేర్పే గురువు చెప్పాడు. శిష్యుడు బిరడలు తిప్పడం, తీగ మార్చడం, వాద్యాన్ని ఎండకు దూరంగా ఉంచడం వంటివన్నీ పాఠంలో భాగంగానే నేర్చుకున్నాడు. వాద్యమూ, దాని సంరక్షణ విద్యా ఒకే చేతిమీదుగా వచ్చేవి.

నేటి గిటారు కర్మాగారంలో పుట్టి, గోదాములు దాటి, అంగడి ద్వారానో కొరియరు ద్వారానో ఇంటికి చేరుతుంది. చేసినవారిని కొన్నవారు ఎన్నడూ చూడరు. నేర్చుకొనేవారిలో ఎందరో గురువు లేకుండా, సెల్‌ఫోను తెరను చూసి నేర్చుకుంటున్నారు. శిల్పి, గురువు ఇద్దరూ చెప్పవలసిన మాటలు ఎవరూ చెప్పక మిగిలిపోతున్నాయి. కరదీపిక కావాలనడానికి అసలు కారణమిదే. వెనుకటి కాలంలో మనుషులు నెరవేర్చిన బాధ్యతను నేడు కనీసం నాలుగు పుటల కాగితమైనా నెరవేర్చాలి.

పరదేశపు వాద్యం కాబట్టి మనకు దీనితో నిమిత్తం లేదనడం చరిత్రకు సరిపడదు. వయొలిన్ పశ్చిమదేశాలనుంచి వచ్చినదే. 1919లో విజయనగరంలో ఏర్పడిన సంగీత కళాశాలలో దానిని బోధించిన ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ వాద్యాన్ని తెలుగువారి సొత్తు చేశారు. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించి ప్రపంచ ప్రఖ్యాతి గడించారు. సాధారణ మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. ఆయన వాయించినది అయిదు ఒంటి తీగలున్న వాద్యం. గమకానికి అనువుగా ఆ మార్పు జరిగింది. వాద్యాన్ని తమ అవసరానికి మలచుకొనే ధైర్యం, దాని నిర్మాణం తెలిసినవారికే కలుగుతుంది. ఏ మరను ముట్టుకుంటే ఏమవుతుందోనని భయపడేవారు అటువంటి సాహసం చేయలేరు.

కరదీపికలను, పనిముట్లను వ్యతిరేకించేవారి వాదనలో కొంత బలమున్నది. తెలియనివాని చేతికి పానా ఇస్తే మేలుకంటె కీడే ఎక్కువ అంటారు. కడ్డీని అతిగా బిగిస్తే మర అరిగిపోవచ్చు, కడ్డీయే తెగిపోవచ్చు. అప్పుడు మరమ్మతు ఖర్చు వాద్యం వెలను మించుతుంది. సరిచేయడం కొన్ని సంవత్సరాల అభ్యాసంతో వచ్చే నేర్పు, అది కాగితంమీద అందదన్నది మరొక వాదన. చవకరకం గిటారుమీద ఈ అదనపు ఖర్చు పడితే పేద విద్యార్థికే భారమవుతుందని కూడా అంటారు.

ఈ మాటలను జాగ్రత్తగా పరిశీలించాలి. పానా ఇవ్వనంత మాత్రాన ఎవరూ చేయి ముడుచుకొని కూర్చోరు. తీగలు లేచిపోయిన గిటారును చూసి సైకిలు దుకాణంలో దొరికిన కొలతతో ప్రయత్నిస్తారు. కొన్ని గిటార్లకు 4 మిల్లీమీటర్ల అలెన్ కీ, కొన్నింటికి 5 మిల్లీమీటర్లది, మరికొన్నింటికి అంగుళాల కొలత గలది అవసరమవుతుంది. కొలత కొద్దిగా తప్పినా మర అంచులు అరిగి ఇక ఏ పానాకూ పట్టు దొరకదు. కాబట్టి సరైన పానాను వాద్యంతోపాటు ఇవ్వడం ప్రమాదాన్ని తగ్గిస్తుంది. అలెన్ కీ వెల గిటారు వెలలో ఏపాటిది? తబలా జతతో శ్రుతి సుత్తిని కూడా ఇవ్వడం వాద్యాల అంగళ్లలో ఉన్న అలవాటే. సుత్తి చేతిలో ఉన్నంత మాత్రాన కొత్తవాడు తబలాను పగులగొట్టడం లేదు. ఎక్కడ కొట్టాలో, ఎంత మెల్లగా కొట్టాలో చెప్పేవారుంటే సుత్తి సాధనమవుతుంది.

నేర్పు కాగితంమీద అందదన్న మాట నిజం. అందుకే మంచి కరదీపిక అన్నిటినీ చేయమనదు, హద్దులను గీస్తుంది. తీగలు మార్చడం, శ్రుతి చేయడం, ఎండనుంచి, తేమనుంచి కాపాడడం, మెడ వంపును కనిపెట్టడం కొన్నవారు చేయవలసిన పనులు. కడ్డీని పావుచుట్టు తిప్పి, ఒక దినం ఆగి చూడడం జాగ్రత్తతో చేయదగిన పని. అరిగిన మెట్లను మార్చడం, విడిపోయిన బ్రిడ్జిని అతికించడం నిపుణునికే వదలవలసిన పనులు. ఈ మూడు భాగాలు స్పష్టంగా ఉంటే నిపుణుని జీవనోపాధికీ భంగం కలగదు. వాద్యం గురించి తెలిసినవాడే సకాలంలో నిపుణుని వద్దకు వెళతాడు. ఒక్క హెచ్చరిక విలువను చూసినా ఈ సంగతి తెలుస్తుంది. నైలాను తీగల కోసం చేసిన గిటారుకు ఉక్కు తీగలు బిగించరాదు. వాటి లాగుడు అధికం కావడం వల్ల బ్రిడ్జి ఊడిపోవచ్చు, మెడ వంగిపోవచ్చు. ఈ రెండు వాక్యాలు అచ్చువేయడానికి అయ్యే ఖర్చు లెక్కకు రానంతటిది.

ఇక భాష సంగతి. కరదీపిక ఇచ్చే సంస్థలు కొన్ని ఉన్నప్పటికీ వాటిలో తెలుగు కనిపించడం అరుదు. పురుగుమందులకు సంబంధించి 1971లో వచ్చిన నియమాలు లేబుళ్లపైన హిందీ, ఇంగ్లీషులతోపాటు ప్రాంతీయ భాష కూడా ఉండాలని విధించాయి. మనూరు ప్రాంతంలో పత్తి, కంది పండించే రైతు ఇంటికి వచ్చే మందుడబ్బా అతని భాషలో మాట్లాడాలని ప్రభుత్వం భావించింది. అదే ఇంటి బిడ్డ కొన్న వాద్యం మాత్రం అతనితో మాట్లాడదు. పురుగుమందు ప్రాణాలకు సంబంధించినది, వాద్యం వినోదానికి సంబంధించినదని బదులు రావచ్చు. నిజమే. అందుచేత శిక్షలతో కూడిన కఠిన నియమం అవసరం లేకపోవచ్చు. అయితే తెలుగునాట సరకు అమ్ముకొనే సంస్థ తెలుగులో నాలుగు పుటలు అచ్చువేయించడం మర్యాదలో భాగమే.

చట్టం ఈ విషయంలో సగం దూరమే నడిచింది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు గురించి తెలుసుకొనే హక్కును గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం మరొక అడుగు వేసి, సరైన వాడకానికి తగిన సూచనలు ఇవ్వకపోవడం వల్ల హాని కలిగితే తయారీదారు బాధ్యత వహించాలన్నది. కాని ఆ చట్టంలోని హాని అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో వస్తువుకే కలిగే నష్టం చేరదు. అంటే సూచన లేక గిటారు మెడ వంగిపోతే ఈ నిబంధన అక్కరకు రాదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక కమిటీని నియమించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని తొలి పరిశీలనకు వచ్చిన రంగాలు. సంగీత వాద్యాలు వాటిలో లేవు. కాబట్టి ఇక్కడ చట్టం కోసం ఎదురుచూడడం కంటె కొనేవారు అడగడం, అమ్మేవారు ఇవ్వడం త్వరగా ఫలించే మార్గం. గిటారు చేతికి తీసుకొనేముందు దీనికి కడ్డీ ఉన్నదా, దాని పానా ఏది, దీనికి ఏ తీగలు సరిపోతాయి అన్న మూడు ప్రశ్నలు వేసేవారు పెరిగితే అంగళ్ల అలవాటు కూడా మారుతుంది.

కరదీపిక ఎవరినీ కళాకారునిగా చేయదు. అది సాధనకు ప్రత్యామ్నాయం కాదు, గురువుకు సమానమూ కాదు. నేర్చుకొనేవాని దారిలో అనవసరంగా పడి ఉన్న ఒక రాయిని తొలగించడమే అది చేయగల పని. వాద్యం సరిగా ఉన్నప్పుడు కష్టమంతా సాధనలోనే ఉంటుంది. ఆ కష్టానికి ఫలితం ఉంటుంది. వాద్యమే చెడి ఉంటే ఎంత సాధన చేసినా బూడిదలో పోసిన పన్నీరే. నగరంలో ఉన్న విద్యార్థికి పక్కవీధిలో నిపుణుడు దొరుకుతాడు. మనూరు వంటి ఊళ్లలోని విద్యార్థికి ఆ నిపుణుడు కరదీపిక రూపంలో, చిన్న పానా రూపంలోనే చేరగలడు. గిటారు అమ్మేవారు ఆ రెండింటినీ సంచిలో ఉంచి పంపితే, ఒక వస్తువుతోపాటు దానిని నిలుపుకొనే విద్యను కూడా ఇచ్చినవారవుతారు.