జీరో టికెట్టు, ఆటో కిస్తీ

"కంప్యూటర్ల ఏందేందో రాస్తవ్ కదరా, నాకో స్పీచ్ రాసియ్యి."

నవంబరు చివర్లో ఒక రాత్రి మా మేనత్త ఫోన్ చేసి అన్న మాట ఇది. 2025 డిసెంబరులో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి కదా, వాళ్ల ఊరి సర్పంచ్ సీటు ఈసారి మహిళలకి రిజర్వ్ అయింది. అత్తమ్మ పన్నెండేళ్లుగా మహిళా సంఘం లెక్కలు రాస్తోంది. బ్యాంకు వాళ్లతో గొడవపడి మరీ లోన్లు ఇప్పించిన మనిషి. "నువ్వే నిలవడు" అని సంఘం వాళ్లు పట్టుబట్టారు. నిలబడింది. కత్తెర గుర్తు వచ్చింది.

గచ్చిబౌలిలో కూర్చుని రోజుకి పది మీటింగుల్లో మాట్లాడేవాణ్ని, ఒక స్పీచ్ ఎంతసేపు అనుకున్నా. మా పనిలో ఒక అలవాటుంది. ఒకే యాప్‌ని, చూసే మనిషిని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో స్క్రీన్ చూపిస్తాం. ఆ బుద్ధితోనే మూడు స్పీచ్‌లు రాశా. సంఘం మహిళలకి ఒకటి. అందులో ఉచిత బస్సు, మహిళా శక్తి, "ఇక మనల్ని ఆపేదెవరు" లాంటి మాటలు. కుర్రాళ్లకి ఇంకోటి, ఓపెన్ జిమ్, లైబ్రరీ అంటూ. మూడోది ఆటో అడ్డా కోసం. అందులో బస్సు అన్న మాటే రాకుండా జాగ్రత్తపడ్డా. మోరీలు, సీసీ రోడ్డు, వీధి లైట్లతో సరిపెట్టా. నా తెలివికి నేనే మురిసిపోయి వాట్సాప్‌లో పంపా.

పది నిమిషాల్లో ఫోన్. "ఊరు ఒక్కటే కదరా. మూడు నోర్లెందుకు నాకు?"

"అడ్డా దగ్గర బస్సు గురించి మాట్లాడితే ఓట్లు పోతాయి అత్తమ్మా."

"మాట్లాడకపోతే మర్చిపోతరా? నా కొడుకే ఆడ కూసుంటడు."

అసలు సంగతి అది. మా బావ ఆటో నడుపుతాడు. ఊరి నుంచి మండల కేంద్రానికి తొమ్మిది కిలోమీటర్లు, మనిషికి ఇరవై రూపాయలు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొడతాడు, ఆ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి. బావ బండిలో ఎక్కేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. అంతకు ముందు డీజిల్ పోగా రోజుకి ఎనిమిది, తొమ్మిది వందలు మిగిలేవి. తర్వాత నాలుగు వందలు వచ్చిన రోజు పండగే. బండి కిస్తీ మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. ప్రతి నెలా అయిదో తారీఖున ఠంచనుగా వచ్చేస్తుంది.

ఇంకోపక్క అత్తమ్మ. వారానికి రెండుసార్లు సంఘం పని మీద మండలానికి వెళ్లాలి. నలభై రూపాయలు మిగులుతున్నాయని చెప్పదు ఆమె. "ఎవ్వర్నీ అడగకుండ పోతున్న" అంటుంది. ఈ రెండింటికీ తేడా ఏమిటో నాకు అర్థం కావడానికి కొంత టైం పట్టింది. ఆ బస్సు దిగి నడిచేటప్పుడు అడ్డా ముందు నుంచే నడవాలి. ఒకరోజు బావ పక్కనే ఉన్న డ్రైవరు నవ్వుతూ అన్నాడట, "మీ అమ్మనే నీ బండెక్కది, ఇంకెవరెక్కుతరు" అని. ఆ రాత్రి తల్లీ కొడుకులు ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోలేదు.

నాయకుల సంగతి చూడండి. 2025 జూలైలో 200 కోట్ల జీరో టికెట్లు దాటాయని ప్రభుత్వం సంబరాలు చేసింది. చెయ్యాల్సిందే, చిన్న విషయం కాదు. కానీ ఆటో డ్రైవర్లకి ఏడాదికి 12,000 ఇస్తామని ఎన్నికల ముందు చెప్పిన మాట ఆ సంబరాల్లో ఎక్కడా పెద్దగా వినపడలేదు. అవతలి పక్షం ఆటోవాళ్ల బాధ గురించి మాట్లాడింది, మంచిదే. కానీ 2024 ఆగస్టులో అదే పక్షం నుంచి కేటీఆర్ బస్సుల్లో వెల్లుల్లి ఒలిచే ఆడవాళ్ల వీడియోల మీద ఎగతాళిగా మాట్లాడుతూ బ్రేక్ డాన్సుల దాకా వెళ్లారు. మరుసటి రోజే విచారం వ్యక్తం చేశారనుకోండి, మహిళా కమిషన్ ముందుకీ వెళ్లాల్సొచ్చింది. ఒకరికి లాభపడ్డవాళ్లే కనపడతారు. ఇంకొకరు నష్టపోయినవాళ్ల కోసం మాట్లాడుతూ మాట్లాడుతూ లాభపడ్డవాళ్లని వెక్కిరించే దాకా పోతారు. నా మూడు స్పీచ్‌లు మాత్రం అంతకంటే ఏం మెరుగు? ఎవరి దగ్గర ఏది దాచాలో రాసిచ్చా, అంతే.

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో క్యాంపస్ ఇంటర్వ్యూలకి ఇంగ్లిష్ బాగుపడుతుందని హాస్టల్లో ఒబామా ప్రసంగాలు చూసేవాణ్ని. అర్థం అయ్యింది తక్కువ, యాస నేర్చుకుందామన్న తాపత్రయం ఎక్కువ. ఈ గొడవలో ఒకటి గుర్తొచ్చి మళ్లీ చూశా. 2008 మార్చి 18, ఫిలడెల్ఫియా. అప్పటికి ఆయన అధ్యక్షుడు కాదు, పార్టీ అభ్యర్థిత్వం కోసం పోటీ పడుతున్నాడు. ఆయన వెళ్లే చర్చి పాస్టర్ మాట్లాడిన వీడియోలు టీవీల్లో తిరుగుతున్నాయి, అమెరికా అంతా గోల. ఒబామా ఆ రోజు నల్లవాళ్ల కోపం ఊరికే పుట్టలేదని, దాని వెనక ఎంత చరిత్ర ఉందో చెప్పాడు. అక్కడితో ఆగిపోలేదు. తెల్లవాళ్లలో కష్టం చేసుకుని బతికేవాళ్ల కోపం గురించి కూడా చెప్పాడు. ఉద్యోగాలు దేశం దాటిపోయినవాళ్లు, పిల్లల్ని ఊరి అవతల స్కూలుకి బస్సులో పంపమంటే మండిపడ్డవాళ్లు. అక్కడా బస్సే, చూశారా. వాళ్లని ఉత్త జాత్యహంకారులని కొట్టిపారేస్తే దూరం పెరుగుతుందే తప్ప తగ్గదన్నాడు. అలాగని సమానత్వం విషయంలో వెనక్కి తగ్గుతానని అనలేదు.

ఇంత బాగా మాట్లాడిన మనిషే తర్వాతి నెలలో శాన్‌ఫ్రాన్సిస్కోలో విరాళాలిచ్చే వాళ్ల మధ్య కూర్చుని, ఉద్యోగాలు పోయిన చిన్న ఊళ్ల జనం కసితో తుపాకుల్ని, మతాన్ని పట్టుకు వేలాడుతున్నారన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మాట బయటికొచ్చింది. రాకుండా ఉంటుందా? ఫిలడెల్ఫియాలో వాళ్ల గురించి అందరి ముందూ మాట్లాడాడు, ఇక్కడ వాళ్లు లేని చోట మాట్లాడాడు. అత్తమ్మ ఈ రెండు ప్రసంగాలూ వినలేదు. కానీ మూడు నోర్లెందుకు అని అడిగింది.

నేను ఊరుకోకుండా ఇంకో వాదన చేశా. "మంచి జరిగినప్పుడు మంచే చెప్పుకోవాలి, నష్టపోయినవాళ్లని కెలకడం ఎందుకు? నెమ్మదిగా అలవాటవుతుంది" అన్నా. అప్పుడు అత్తమ్మ అన్న మాటలు ఫోన్‌లో కాకుండా ఎదురుగా అని ఉంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి కుటుంబం ఆస్తిలో కూతుళ్లకీ కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ చట్టం తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఆ నాటికి పెళ్లయిపోయిన వాళ్లకి వర్తించదు. దేశమంతటికీ అలాంటి చట్టం రావడానికి 2005 దాకా ఆగాల్సొచ్చింది. అత్తమ్మ పెళ్లి 1991లో. అంటే మా తాత ముత్తాతల నాలుగెకరాల్లో ఆమెకి వాటా ఉంది. ఆమె అడగలేదు. మా నాన్న ఇవ్వలేదు. ఆ నాలుగెకరాల్లో అర ఎకరం అమ్మి నా ఇంజనీరింగ్ ఫీజు కట్టారు.

"సట్టం అచ్చిందని రేడియోల ఆడిబిడ్డలకు చెప్పిన్రు," అంది అత్తమ్మ. "అన్నదమ్ములను కూసోబెట్టి ఎవరన్న చెప్పిన్రారా? నీ భాగం తగ్గుతది, అయినా ఇది న్యాయం అని ఒక్క లీడర్ మా ఊరికొచ్చి అన్నడా? అనలే. గట్ల చెప్పకుంటే ఏమైతది? అడిగిన ఆడిబిడ్డ చెడ్డదైతది. కట్నం ఇచ్చినం కదా, ఇంకేం కావాలె అంటరు. పుట్టిల్లు బందైతది. అందుకే నేను మీ నాయనను అడగలే."

కాసేపు నాకు మాట రాలేదు. ఆవిడే "ఏడ్వకు, నిన్ననలే" అంది. ఏడవలేదు గానీ దగ్గర్లోనే ఉన్నా.

సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదల చేసేటప్పుడు ఒక నోట్ రాస్తాం. కొత్తగా ఏమొచ్చిందో పైన రాస్తాం. ఏ పాత పని ఇకపై ఆగిపోతుందో కూడా రాయాలి. దాన్ని బ్రేకింగ్ చేంజెస్ అంటారు. అది రాయకుండా విడుదల చేస్తే తిట్లు రాసినవాడికి పడవు, అర్ధరాత్రి ఫోన్ ఎత్తే సపోర్ట్ కుర్రాడికి పడతాయి. ఎనిమిదేళ్ల చదువూ ఉద్యోగంలో నేను నేర్చుకున్న ఈ సంగతిని అత్తమ్మ పుట్టింటి దగ్గర నేర్చుకుంది. మార్పు తెచ్చిన నాయకుడు నష్టపోయేవాళ్ల ముందుకొచ్చి ఆ మాట చెప్పకపోతే, వాళ్ల కోపం నాయకుడి దాకా పోదు. బస్సెక్కిన ఆడమనిషి మీద, వాటా అడిగిన చెల్లెలి మీద పడుతుంది. అడ్డా దగ్గర ఆటోవాళ్లు తిట్టేది మంత్రిని కాదు, బస్సు దిగే ఆడవాళ్లని.

పోలింగ్‌కి వారం ముందు ఊరెళ్లా. సాయంత్రం ఆరింటికి అడ్డా దగ్గర మీటింగ్. పన్నెండు ఆటోలు, ఓ ముప్పై మంది మగవాళ్లు, దూరంగా కిరాణా కొట్టు అరుగు మీద సంఘం వాళ్లు అయిదారుగురు. నా కాగితాలేవీ అత్తమ్మ చేతిలో లేవు. మైకు కూడా వద్దంది. నాకు గుర్తున్నంత వరకు ఇలా మాట్లాడింది.

"నేను బస్సెక్కుతున్న. రేపు గూడ ఎక్కుత. దాపెట్టి ఓటడగ. పొద్దుగాల సంఘం కాడ గిదే చెప్పిన, ఈడ గూడ గిదే చెప్తున్న. మీ గిరాకీ పోయింది. మీ బద్ధకంతోని పోలే. మా ఇంట్ల కిస్తీ కాయితం ఉన్నది, నాకు లెక్క ఎరుకే. ఇస్తమన్నయి ఇయ్యలే. దానికోసం మీరు మండలాఫీసు కాడ కూసుంటే మీ పక్కన నేను కూసుంట, గెలిచినా ఓడినా. గనీ ఆడోళ్లు ఇంట్ల ఉంటలేరు, రోడ్ల మీద తిరుగుతున్నరు అని ఈడ రోజూ అనుకుంటరు చూడు, అది వేరే ముచ్చట. గిరాకీ పోయిన బాధ, గా ముచ్చట ఒక్క సంచిల ఎయ్యకుండ్రి. మొదటిదానికి మీతోని అస్త. రెండోదానికి రాను."

వెనక నుంచి ఒకతను లేచాడు. "గెలిస్తే బస్సు బంద్ చేపిస్తవా మరి?"

"అది నా చేతుల లేదు. ఉన్నా చెయ్య."

నాకు గుండె ఆగినంత పనైంది. ఎవరో నవ్వారు, ఆ నవ్వు ఏ రకమో తెలీలేదు. అత్తమ్మ పంచాయతీ చేతిలో ఉన్న సంగతులు మాత్రం చెప్పింది. అడ్డా దగ్గర నీడకి ఒక రేకుల షెడ్డు, తాగడానికి నీళ్లు. ఊరికి బస్సు రోజుకి నాలుగుసార్లే వస్తుంది. మధ్యలో ఆస్పత్రికి, స్కూలుకి పోయేవాళ్ల కోసం ఏ ఆటో ఏ టైముకి ఉంటుందో ఊళ్లో బోర్డు పెట్టడం. అంతకు మించి ఒక్క హామీ ఇవ్వలేదు. చప్పట్లు రాలేదు. బావ మొదటి నుంచీ చివరి దాకా ఫోన్‌లోకి చూస్తూనే ఉన్నాడు. తర్వాత గమనించా, స్క్రీన్ ఆఫ్‌లో ఉంది.

పదిహేడు ఓట్లతో ఓడిపోయింది. అడ్డా దగ్గర మాటలు ఓట్లు పోగొట్టాయో తెచ్చాయో నేను చెప్పలేను. నా మూడు స్పీచ్‌లతో గెలిచేదేమో కూడా. గెలిచినావిడ ఊరేగింపు అదే రాత్రి జరిగింది. ముందు జీపులో దండలు వేసుకుని ఆవిడ భర్త, వెనక ట్రాక్టర్లో ఆవిడ. మా మామయ్య అది చూసి "రేపు నాకు గసువంటి దండలు తప్పినయి" అన్నాడు. అత్తమ్మ నవ్వింది.

సోమవారం ఆవిడతో పాటు నేనూ మండలానికి వెళ్లా. పోయేటప్పుడు బస్సు. ఆవిడకి జీరో టికెట్టు, నాకు మామూలు టికెట్టు. బ్యాంకు పని పన్నెండున్నరకి అయిపోయింది. తిరుగు బస్సు మూడింటికి. ఇద్దరం అడ్డా దగ్గరికి నడిచాం. వరుసలో ముందున్నది బావ బండే. అత్తమ్మ వెనక సీట్లో కూర్చుంది, ఇంకో ముగ్గురు ఎక్కే దాకా బండి కదల్లేదు. దారంతా ఎవరూ మాట్లాడలేదు. ఊళ్లో దిగాక ఆవిడ కొంగు ముడి విప్పి ఇద్దరికీ కలిపి నలభై రూపాయలు తీసింది. నేను, "ఏంటి బావా, కన్నతల్లి దగ్గర కూడానా?" అన్నా.

బావ డబ్బులు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అయిదో తారీకు నీతోని ఇప్పిస్త తియ్యి," అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.