చోళ్ళ సీమలో గోధుమ సత్తు

ఒడిశా అంగన్‌వాడీలు మూడేళ్ళలోపు పిల్లల ఇళ్ళకు ఇచ్చే ‘ఛతువా’ సత్తుపిండిలో ప్రధానంగా ఉండేవి గోధుమలు, శనగలు, వేరుశనగలు, పంచదార. బడిలో మధ్యాహ్నం అన్నంలోకి డాల్మా, కొన్ని రోజులు కోడిగుడ్డు కూర, మరికొన్ని రోజులు సోయాబడి కూర. పోషకాల లెక్కలో వంక పెట్టడానికేమీ లేదు. అయితే అలర్జీ తెచ్చే పదార్థాలుగా పొట్లాల మీద తప్పక ముద్రించాలని దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 నిబంధనల్లో చెప్పిన వాటిలో నాలుగు ఈ రెండు పథకాల్లోనే ఉన్నాయి: గోధుమ, వేరుశనగ, గుడ్డు, సోయా. నూటికి తొంభైమందికి పైగా పిల్లలకు ఇవి మేలే చేస్తాయి. పడని ఆ కొద్దిమందికి ఏం పెట్టాలన్నదే ప్రశ్న. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో దీనికి జవాబు కొండ మీద పండుతోంది. ఛతువాకు మూలధాన్యం చోళ్ళు (రాగులు) కావాలి. గోధుమ, వేరుశనగ లేని పొట్లం అవసరమైన పిల్లలకు హక్కుగా అందాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. గోధుమను విషంగా చూపించే ప్రచారం ఈ మధ్య బాగా పెరిగింది. దానితో మాకు పని లేదు. గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగుపొర దెబ్బతినే సీలియాక్ జబ్బు మీద 2016లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ఉత్తరాదిలో నూటికి ఒకరికి పైగా, దక్షిణాదిలో వెయ్యికి ఒకరికి ఉన్నట్టు తేల్చింది. గోధుమ తక్కువ తినేచోట జబ్బు తక్కువగా కనబడింది. అన్నం, అంబలి తినే నేలకు రేషను రూపంలో గోధుమ కొత్తగా వచ్చినప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. తగ్గని విరేచనాలు, ఎదగని ఒళ్ళు, ఎంత ఇనుము మాత్ర వేసినా తీరని రక్తహీనత ఈ జబ్బు లక్షణాలే. ఇవే లక్షణాలు నులిపురుగులకూ, మలేరియాకూ, ఆకలికీ ఉంటాయి. కాబట్టి ఈ జిల్లాల్లో సీలియాక్ ఉన్న పిల్ల ‘బలం లేని పిల్ల’ కింద జమపడి, బలానికని మళ్ళీ గోధుమ సత్తే పుచ్చుకునే ప్రమాదం ఉంది. రక్తపరీక్షతో జబ్బును పట్టుకోవచ్చు. పరీక్ష అయ్యేదాకా గోధుమ మానకూడదు, మానితే ఫలితం తప్పు వస్తుంది. ఈ చిన్న విషయం తెలియక పట్నాల్లో చదువుకున్నవాళ్ళే ముందు చపాతీ మానేసి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళుతున్నారు.

పాల సంగతి వేరు. పాలలోని చక్కెరను అరిగించే శక్తి చిన్నతనం దాటాక తగ్గిపోవడం మన దేశంలో, అందులోనూ దక్షిణాదిలో సర్వసాధారణం. అది అలర్జీ కాదు, ప్రాణం తీయదు. పెరుగు చాలామందికి పడుతుంది. చంటిపిల్లలకు మరో చిక్కు ఉంది. గట్టిగా విరేచనాలు పట్టుకున్న తర్వాత కొన్నాళ్ళపాటు పేగు పాలను అరిగించుకోలేదు. 2007లోనూ, 2022లోనూ కలరా చూసిన రాయగడ జిల్లా కాశీపూర్ లాంటి బ్లాకుల్లో ఇది పుస్తకాల్లో చదువుకునే విషయం కాదు. ఆ రోజుల్లో పాలపొడి కలిపిన ఆహారం మళ్ళీ కడుపు చెడగొట్టవచ్చు. తల్లిపాలు మాత్రం ఆపకూడదని ఆశా కార్యకర్త ఇంటింటికీ చెప్పాలి. పాలు పడనివారికి సున్నం ఎక్కడిదంటే మళ్ళీ చోళ్ళే. పాలలో వంద గ్రాములకు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే చోళ్ళలో 340కి పైనే. అందులో కొంత ఒంటికి పట్టకుండా గింజలోని ఫైటేట్లు అడ్డుపడతాయి, నిజమే. ఆ అడ్డును పులియబెట్టడం తగ్గిస్తుంది. కోరాపుట్ ఇళ్ళల్లో మాండియా పేజ్ అనే చోళ్ళ జావను, మన ఉత్తరాంధ్రలో చోడంబలిని రాత్రంతా పులియబెట్టిన పెద్దవాళ్ళు ఈ పనిని ఏ ప్రయోగశాలా చెప్పకముందే చేస్తూ వచ్చారు.

2001లో కాశీపూర్‌లో మామిడి టెంకల జావ తాగి ఇరవైమందికి పైగా చనిపోయారు. నిల్వలో బూజుపట్టిన జీడి అది. అప్పుడు అధికారుల నోట వినబడిన మాట గిరిజనుల ‘ఆహారపు అలవాటు’. ఇంట్లో మరో గింజ ఎందుకు లేదన్న ప్రశ్నను ఆ మాట మింగేసింది. 2024 నవంబరులో కంధమాల్ జిల్లా మండిపంకలో టెంకల జావే మళ్ళీ ప్రాణాలు తీసింది. తిన్నవాడిదే తప్పనే ఈ ధోరణి రేషను పొట్లం దగ్గరా కనబడుతుంది. పిల్ల ఛతువా తినకపోతే తల్లికి శ్రద్ధ లేదంటారు. తిన్నాక వాంతి అయిందా, ఒంటి మీద దద్దుర్లు లేచాయా, పెదవులు వాచాయా అని అడిగే గడి పెరుగుదల కార్డులో ఉండాలి. ఈ మూడు ప్రశ్నలకు ఖర్చు సిరా మాత్రమే.

వేరుశనగ అలర్జీ మన దగ్గర పాశ్చాత్య దేశాలంత ఎక్కువ కాదు. అయినా వచ్చినప్పుడు నిమిషాల్లో ఊపిరి ఆడకుండా చేయగలదు. అప్పుడు కావలసింది తొడ కండలో అడ్రినలిన్ సూది. అంబులెన్సు ఘాట్ దిగేదాకా ఆగే సమయం ఉండదు. టీకాలు వేసేచోట ఉంచే అత్యవసర పెట్టెలో ఈ మందు ఎలాగూ ఉంటుంది. ఆహారం వికటించినప్పుడూ దాన్ని వాడేలా ప్రతి ఆరోగ్య కేంద్రంలో శిక్షణ ఇవ్వాలి. ఈ రెండు జిల్లాల్లో చాలా భాగం 1936 దాకా విశాఖపట్నం జిల్లాలోదే. పెద్ద వైద్యానికి నేటికీ విశాఖ కె.జి.హెచ్. దారి పట్టేవారు తక్కువేమీ కాదు. కోరాపుట్‌లో 2017లో మొదలైన షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలలో వారానికి ఒక పూటైనా అలర్జీ విభాగం నడిస్తే ఆ ప్రయాణాలు కొన్ని తప్పుతాయి.

చోళ్ళ విషయంలో ఒడిశా ప్రభుత్వం ఖాళీగా కూర్చోలేదు. 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టింది, గిరిజన సహకార సంస్థ ద్వారా మద్దతు ధరకు కొంటోంది. 2017-18లో క్వింటాలుకు 1,900 రూపాయలున్న ఆ ధర 2025-26కు 4,886 అయింది. కుంద్రా బ్లాకు రైతు రాయిమతి ఘివురియా 2023లో ఢిల్లీ జి-20 వేదిక దాకా తన చిరుధాన్యాలు తీసుకెళ్ళారు. కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లోనే ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఇంత పేరు వచ్చాక కొండ మీది గింజ ‘గ్లూటెన్ లేనిది’ అన్న ముద్రతో హైదరాబాదు, బెంగళూరు దుకాణాలకు మంచి ధరకు ఎక్కుతోంది. రైతుకు డబ్బు వస్తోంది కాబట్టి ఏడవాల్సింది లేదు. పండించిన ఇంటి పిల్లకు మాత్రం గోధుమ సత్తు చేరుతోంది. పట్నంలో చపాతీ పడనివారికి అంగట్లో దొరికే వెసులుబాటు నియమగిరి కొండల వాలున ఉండే పిల్లకు అంగన్‌వాడీలో దొరకకపోతే ఈ సన్మానాలన్నీ దేనికి?

మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలనూ పేర్కొంది. ఆంధ్రప్రదేశ్ 2023 మార్చిలో బడిపిల్లలకు రాగిజావ మొదలుపెట్టింది. అక్కడా బడి భోజనంలో పల్లీ చిక్కీ పడని పిల్ల గురించి ఆలోచించాల్సిందే ఉంది, ఈ పాఠం ఒక్క ఒడిశాకే పరిమితం కాదు. ఒడిశాకు మరో అనుకూలత ఉంది. ఛతువాను పెద్ద కాంట్రాక్టరు కాకుండా మహిళా స్వయం సహాయక సంఘాలే తయారుచేస్తున్నాయి. కలపాల్సిన దినుసులు మార్చడం ఆ మహిళలకు కష్టమేమీ కాదు. కష్టం మరలో ఉంది. గోధుమ ఆడిన మరలోనే చోళ్ళు ఆడితే సీలియాక్ ఉన్నవారికి ఆ పిండి పనికిరాదు, కిలోకు 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ దాటితే మన నిబంధనలే ‘గ్లూటెన్ లేనిది’ అనే ముద్రను ఒప్పుకోవు. కాబట్టి ప్రతి బ్లాకులో ఒక సంఘానికి గోధుమ, వేరుశనగ తగలని మరను విడిగా ఇవ్వాలి. ఆ పొట్లం మీద దినుసుల పేర్లు ఒడియాతోపాటు తెలుగులోనూ, చదవలేని తల్లుల కోసం బొమ్మలతోనూ అచ్చు వేయాలి. చోళ్ళ కోత, కొనుగోలు చలికాలంలోనే జరుగుతాయి. గోదాములకు చేరిన గింజలో పిల్లల వాటాను ముందే విడిగా తీసిపెట్టమని రెండు జిల్లాల కలెక్టర్లు వచ్చే కొనుగోలు సీజనుకు ముందే ఉత్తర్వు ఇవ్వాలి.