1974 డేవిస్ కప్

1974 డేవిస్ కప్ పురుషుల అంతర్జాతీయ జట్టు టెన్నిస్ పోటీలలో 63వది. ఈ పోటీలో ఫైనల్ జరగలేదు. వర్ణవివక్షను ప్రభుత్వ విధానంగా అమలు చేస్తున్న దక్షిణాఫ్రికాతో తలపడటానికి భారతదేశం నిరాకరించడంతో దక్షిణాఫ్రికా విజేతగా ప్రకటించబడింది. 1900లో ప్రారంభమైన ఈ పోటీల చరిత్రలో ఫైనల్ ఆడకుండానే విజేత నిర్ణయమైన సందర్భం ఇదొక్కటే.

నేపథ్యం

దక్షిణాఫ్రికాలో క్లబ్బులు, మైదానాలు, జట్ల ఎంపిక అన్నీ జాతి ప్రాతిపదికపైనే సాగేవి. ఆ దేశం 1964 నుండి ఒలింపిక్ క్రీడలకు దూరమై, 1970లో ఒలింపిక్ ఉద్యమం నుండే బహిష్కరించబడింది. అమెరికాకు చెందిన నల్లజాతి క్రీడాకారుడు ఆర్థర్ ఆష్‌కు వీసా నిరాకరించిన తరువాత 1970లో డేవిస్ కప్ నుండి కూడా తొలగించబడింది. 1973లో తిరిగి ప్రవేశం లభించింది. అదే సంవత్సరం ఆష్‌కు వీసా ఇవ్వగా, అతడు జొహానెస్‌బర్గ్‌లో ఆడి సింగిల్స్ ఫైనల్ వరకు చేరాడు. అయితే ఒక ప్రసిద్ధ క్రీడాకారునికి లభించిన ఈ మినహాయింపు ఆ దేశపు చట్టాలలో ఏ మార్పునూ తేలేదు.

భారతదేశానికి ఈ విషయం కొత్తది కాదు. 1860 నుండి మద్రాసు రేవు మీదుగా నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారిలో తమిళులతో పాటు తెలుగువారు కూడా ఉన్నారు. వారి సంతతి కూడా వివక్షకు గురైంది. 1946లోనే భారతదేశం దక్షిణాఫ్రికాతో వాణిజ్య సంబంధాలను తెంచుకుని, అక్కడి భారతీయుల సమస్యను ఐక్యరాజ్యసమితి ముందుంచింది.

భారత జట్టు ప్రస్థానం

ఆ రోజులలో ఒక్కొక్క పోరులో నాలుగు సింగిల్స్, ఒక డబుల్స్ ఉండేవి. మూడు గెలిచిన జట్టు ముందుకు సాగేది. టై బ్రేక్ పద్ధతి డేవిస్ కప్‌లోకి 1989లో గాని రాలేదు కనుక, రెండు గేముల ఆధిక్యం వచ్చేవరకు సెట్టు కొనసాగేది.

తూర్పు మండలం ఫైనల్లో భారత్ కలకత్తాలో ఆస్ట్రేలియాను 3–2తో ఓడించింది. ఈ పోరులో మొత్తం 327 గేములు ఆడవలసి వచ్చింది. ఇది డేవిస్ కప్ రికార్డు.

• జాన్ అలెగ్జాండర్ విజయ్ అమృత్‌రాజ్‌పై 14–12, 17–15, 6–8, 6–2తో గెలిచాడు.
• జస్జిత్ సింగ్ బాబ్ గిల్టినాన్‌పై 11–9, 9–11, 12–10, 8–6తో గెలిచాడు.
• డబుల్స్‌లో ఆనంద్, విజయ్ అమృత్‌రాజ్ సోదరులు 17–15, 6–8, 6–3, 16–18, 6–4తో గెలిచారు. ఈ ఒక్క మ్యాచ్‌లోనే 99 గేములు.
• మిగిలిన సింగిల్స్‌లో అలెగ్జాండర్ జస్జిత్ సింగ్‌ను, విజయ్ గిల్టినాన్‌ను ఓడించారు.

ఆ తరువాత పూణేలో సోవియట్ యూనియన్‌ను 3–1తో ఓడించి భారత్ ఫైనల్ చేరింది. 1966 తరువాత ఇది భారతదేశానికి రెండవ ఫైనల్. అమెరికా మండలంలో ఆడిన దక్షిణాఫ్రికా, సెమీఫైనల్లో ఇటలీని జొహానెస్‌బర్గ్‌లో 4–1తో ఓడించింది.

ఫైనల్ బహిష్కరణ

ఇందిరా గాంధీ ప్రధానమంత్రిగా ఉన్న భారత ప్రభుత్వ విధానానికి అనుగుణంగా భారత జట్టు ఫైనల్ నుండి తప్పుకుంది. అప్పటివరకు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ దేశాలు మాత్రమే గెలిచిన ఈ కప్పు ఆ విధంగా ఐదవ దేశమైన దక్షిణాఫ్రికాకు దక్కింది.

విశ్లేషణ

క్రీడలను రాజకీయాలతో ముడిపెట్టరాదన్నది ఈ నిర్ణయంపై వచ్చే ప్రధానమైన ఆక్షేపణ. కాని దక్షిణాఫ్రికాలో ఆ ముడి వేసినది అక్కడి ప్రభుత్వమే. చర్మపు రంగును బట్టి ఆటగాడిని ఎంపిక చేసే జట్టుతో ఆడటం కూడా ఒక రాజకీయ వైఖరే అవుతుంది.

రెండవ ఆక్షేపణ ఫలితానికి సంబంధించినది. ఆడకపోవడం వల్ల వర్ణవివక్ష అంతం కాలేదు, పైగా కప్పు దక్షిణాఫ్రికాకే దక్కింది. ఇది నిజమే. అయితే పోటీ లేకుండా వచ్చిన ఆ విజయం దక్షిణాఫ్రికా ఏకాకితనాన్ని ప్రపంచానికి చాటింది. 1975లోను, 1976లోను మెక్సికో కూడా ఆ దేశంతో ఆడటానికి నిరాకరించింది. 1978లో అమెరికాలోని నాష్‌విల్‌లో జరిగిన పోరు నిరసనల మధ్య సాగింది. ఆ తరువాత డేవిస్ కప్ నుండి వెలివేయబడిన దక్షిణాఫ్రికా, వర్ణవివక్ష చట్టాలు రద్దయ్యాక 1992లో గాని తిరిగి రాలేదు. వర్ణవివక్ష పతనానికి ఆ దేశ ప్రజల పోరాటమే ముఖ్య కారణం. క్రీడా బహిష్కరణ దానికి తోడైన ఒత్తిళ్ళలో ఒకటి మాత్రమే.

ఈ నిర్ణయం యొక్క మూల్యాన్ని చెల్లించినది క్రీడాకారులు. అప్పటికి ఆనంద్ వయస్సు 22, విజయ్ వయస్సు 20. ఆ ఏడాదితో కలిపి విజయ్ వరుసగా రెండుసార్లు యూఎస్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్ చేరి ఉన్నాడు. భారత్ మళ్ళీ ఫైనల్ చేరడానికి 13 సంవత్సరాలు పట్టింది. 1987లో గోథెన్‌బర్గ్‌లో స్వీడన్ చేతిలో 0–5తో ఓడిన ఆ జట్టులో విజయ్ కూడా ఉన్నాడు.

భారత విధానం అన్ని సందర్భాలలో ఒకే రీతిగా లేదు. పూర్తి దౌత్య సంబంధాలు లేని ఇజ్రాయెల్‌తో 1987లో న్యూఢిల్లీలో ఆడింది. పాకిస్తాన్‌తో 2019లో కజకిస్తాన్‌లోను, 2024లో ఇస్లామాబాదులోను ఆడింది. 2022లో ఉక్రెయిన్‌పై దాడి తరువాత రష్యాను అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యే పక్కన పెట్టింది. సమాఖ్య ముందే నిర్ణయం తీసుకుంటే ఆ భారం అన్ని దేశాలపై సమానంగా పడుతుంది. 1974లో సమాఖ్య తీసుకోని నిర్ణయాన్ని ఫైనల్ ముంగిట ఒక్క జట్టు తీసుకోవలసి వచ్చింది. భారతదేశం ఇప్పటివరకు డేవిస్ కప్‌ను గెలవలేదు.