పాస్‌వర్డ్ దొంగల ‘రెయిన్‌బో టేబుల్స్’.. చిటికెడు ‘సాల్ట్’తో చెక్! కానీ..

ఏదైనా వెబ్‌సైట్ హ్యాక్ అయిందనగానే అందరికీ వచ్చే డౌట్ ఒక్కటే.. నా పాస్‌వర్డ్ దొరికిపోయినట్టేనా? అది మీ పాస్‌వర్డ్ ఎంత గట్టిదన్న దాంతో పాటు, కంపెనీ దాన్ని ఎలా దాచిందన్న దానిపైనా ఆధారపడి ఉంటుంది.

అసలు హ్యాష్ అంటే?

పాస్‌వర్డ్‌ను ఉన్నది ఉన్నట్టు దాచకుండా ఓ పొడవాటి కోడ్‌గా మార్చి దాస్తారు. అదే హ్యాష్. దాని నుంచి నేరుగా పాస్‌వర్డ్ రాబట్టలేం. అందుకే హ్యాకర్లు రకరకాల పాస్‌వర్డ్‌లు ఊహించి, వాటి హ్యాష్‌లు మ్యాచ్ అవుతున్నాయేమో చూస్తారు.

ముందే లెక్కగట్టి పెట్టుకుంటే?

ఎనిమిది చిన్న ఇంగ్లిష్ అక్షరాలతోనే 20 వేల కోట్లకు పైగా పాస్‌వర్డ్‌లు వస్తాయి. అన్నిటి హ్యాష్‌లూ దాచాలంటే టెరాబైట్ల స్టోరేజ్ కావాలి. 2003లో స్విట్జర్లాండ్ పరిశోధకుడు ఫిలిప్ ఓక్స్లిన్ దీనికి ఉపాయం చెప్పారు. లెక్కలన్నీ గొలుసులుగా కట్టి, ఒక్కో గొలుసు మొదలు, చివర మాత్రమే దాచడం. ఇవే రెయిన్‌బో టేబుల్స్. రెండు సీడీల్లో పట్టే 1.4 జీబీ డేటాతో, అక్షరాలు, అంకెలున్న పాత విండోస్ పాస్‌వర్డ్‌లలో 99.9 శాతాన్ని 13.6 సెకన్లలో ఛేదించవచ్చని చూపించారు.

సాల్ట్‌తో బ్రేక్

ఒక్కో యూజర్ పాస్‌వర్డ్‌కు వేర్వేరు రాండమ్ అక్షరాలు కలిపి హ్యాష్ చేయడమే సాల్ట్. అప్పుడు ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా హ్యాష్‌లు వేరు. ఒక్కో సాల్ట్‌కు ఒక్కో టేబుల్ కట్టాలి. అయ్యే పనేనా?

2012లో లింక్డ్‌ఇన్ నుంచి సాల్ట్ లేని 65 లక్షల హ్యాష్‌లు బయటపడ్డాయి. 2016 మేలో 11.7 కోట్ల ఖాతాల డేటా అమ్మకానికొచ్చింది. మరుసటి నెలే మార్క్ జుకర్‌బర్గ్ ట్విట్టర్, పింటరెస్ట్ ఖాతాలు హ్యాక్ అయ్యాయి. ఆ పాస్‌వర్డ్ లింక్డ్‌ఇన్ లీక్‌లోనే దొరికిందని హ్యాకర్లు చెప్పుకున్నారు.

ముప్పు పోయిందా?

లేదు. నేటి గ్రాఫిక్స్ కార్డులు ఎండీ5 లాంటి పాత హ్యాష్‌లను సెకనుకు వేల కోట్లు లెక్కగడతాయి. టేబుల్ లేకున్నా, సాల్ట్ ఉన్నా ‘123456’ లాంటి పాస్‌వర్డ్ క్షణాల్లో దొరికిపోతుంది. అందుకే కంపెనీలు బీక్రిప్ట్, ఆర్గాన్2 లాంటి, కావాలనే నెమ్మదిగా పనిచేసే పద్ధతులు వాడాలి.

మీ కంపెనీ సాల్ట్ వేసిందో లేదో మీకు తెలియదు. కాబట్టి సైట్‌కో పొడవాటి పాస్‌వర్డ్ పెట్టుకోండి. ఒకటి పోయినా మిగతావి మిగులుతాయి!