రొయ్యకు పరీక్ష, మనిషికి పొట్లం

గూడూరు తూర్పున కోట, వాకాడు వైపు రొయ్యల గుంటలు వేసే రైతుకు ఫ్లోరోక్వినొలోన్ యాంటీబయాటిక్‌లంటే హడల్. ఆక్వా సాగులో వాటిని వాడకూడదు. ఆనవాళ్లు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కొస్తుంది. అదే రైతు విరేచనాలని మందుల షాపుకెళితే, సిప్రోఫ్లాక్సాసినో ఓఫ్లాక్సాసినో చీటీ అడక్కుండానే చేతికొస్తుంది. రెండూ ఆ జాతి మందులే.

వాటి దెబ్బ టెండన్ల మీద పడొచ్చు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లవి. మనవాళ్లు వాటినీ నరాలనే అంటారు. ఈ మందులు ఆ తాళ్లలోని కొల్లాజెన్ పోగుల్ని తినేసే ఎంజైముల్ని రెచ్చగొడతాయని ప్రయోగశాలల్లో చూశారు. ఎక్కువగా దెబ్బతినేది మడమ వెనక తాడు. నొప్పి రెండు రోజుల్లో రావచ్చు, మాత్రలు ఆపేసిన కొన్ని నెలలకూ రావచ్చు. అందుకే మాత్రకూ మడమకూ ముడి ఎవరికీ తట్టదు. నిమ్మకాయల బస్తాలు మోసేవాడు బరువు వల్ల నరం పట్టేసిందనుకుని నూనె రాసి మర్దన చేయించుకుంటాడు. ఆ తాడు తెగినప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఉంటుంది. బోర్లా పడుకోబెట్టి పిక్క పిసికితే పాదం కిందికి వంగాలి; తెగితే ఉలకదు.

ఇది అందరికీ వచ్చేది కాదు, అరుదే. 60 దాటినవాళ్లకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. నాకు భయమల్లా ఆ చివరి మాటతోనే. జ్వరానికో యాంటీబయాటిక్, తెల్లారేసరికి లేచి పనికి పోవడానికో స్టెరాయిడ్: పల్లెల్లో ఒకే పొట్లంలో కట్టిచ్చే వైద్యం ఇదే కదా!

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే వీటి మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది. హాని శాశ్వతంగా మిగిలిపోవచ్చని 2016లో చెప్పింది. సైనసైటిస్, మామూలు మూత్రనాళ ఇన్ఫెక్షన్ లాంటి వాటికి వేరే మందు ఉంటే వీటి జోలికి పోవద్దంది. 2018లో ఐరోపా కూడా పగ్గాలు బిగించింది. మన దగ్గర 2014 మార్చి 1న షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా అమల్లోకొచ్చింది. అందులోని మందు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. ఆ జాబితాలోకి లీవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ ఎక్కాయి. జనం ఎక్కువగా మింగే సిప్రో, ఓఫ్లాక్సాసిన్ ఎక్కలేదు.

మొండి క్షయకు లీవోఫ్లాక్సాసిన్ కావాల్సిందే, కాబట్టి నిషేధం మాట కుదరదు. కోర్సు మధ్యలో మడమ లాగితే బరువులు మోయడం ఆపి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. మందుల వల్ల కలిగిన హానిని 1800-180-3024 హెల్ప్‌లైన్‌కు రోగే ఫోన్ చేసి చెప్పొచ్చు. అక్కడ మందు పేరు చెప్పాలి. కత్తిరించి ఇచ్చిన నాలుగు మాత్రల రేకు మీద అది సగమే ఉంటుంది.